నవమి కచేరి వరుస

ఒంటరిగా పాడు గాయకుడు వేదిక నెక్కి, శ్రుతి సరిచూచుకొని, ఎదుటనున్న ముఖములను ఒకమారు పరికించి, ఆ క్షణమున తన కంఠమునకు ఏది ప్రియమో దానిని ఎత్తుకొనవచ్చును. పాట నడుమ మనసు మారినచో దారియు మార్చుకొనవచ్చును. నలుగురు సన్నాయి విద్వాంసులు, నలుగురు డోలు వాద్యకారులు, ఒక క్లారినెట్టు, శ్రుతి, తాళము, ఇంతమంది కలిసి కూర్చుండు పెద్దమేళమునకు ఆ స్వేచ్ఛ లేదు. ఏ రాగము వెనుక ఏ రాగము రావలెను, ఎవరు ఎత్తుకొనవలెను, ఎవరు ఆగవలెను అనునది వేదిక నెక్కుటకు ముందే తేలియుండవలెను. రాగలక్షణమును గూర్చియు, తాళభేదములను గూర్చియు, వాగ్గేయకారుల చరిత్రమును గూర్చియు మనవారు వ్రాసిన దానితో పోల్చినచో, ఈ ఎన్నికను గూర్చి వ్రాసినది మిక్కిలి స్వల్పము. ఇది మేళగాండ్ర ఇంటి వ్యవహారమని విడిచిపెట్టితిమి కాబోలు. నాకు మాత్రము ఇది సంగీతమునందలి గంభీరమైన ధర్మవిచారములలో ఒకటిగా తోచును.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి సీమలో చైత్రము వచ్చునప్పటికి పత్తి ఏరుట ముగిసి, కల్లములయందు మిరపకాయ ఎఱ్ఱని తివాచీలుగా పరచుకొని యుండును. గుంటూరు మిర్చియార్డుకు పోవు లారీలకు రేయి లేదు, పగలు లేదు. ఆ సందడి నడుమనే శ్రీరామనవమి పందిళ్లు లేచును. నవమినాటి రాత్రి కచేరికి పాటలు ఎన్నుకొను ఇద్దరి సంభాషణమును ఇక్కడ కూర్చితిని. ఆ ఇద్దరును నా కల్పనయే. పెద్దవాడు డెబ్బది దాటిన సన్నాయి విద్వాంసుడు, చిన్నవాడు ఆయనకు మేనల్లుడు, శిష్యుడు, మేళమున రెండవ సన్నాయి. పత్తి ఏకుట వృత్తిగా గల దూదేకుల కుటుంబములు అనేకము ఈ సీమలో సన్నాయిని చేపట్టి, రాముని గుడిముందు తరతరములుగా వాయించుచు వచ్చినవి. వీరును అట్టి యింటివారే. 

అల్లుడు: మామయ్యా, పందిరి కమిటీవాళ్లు పాటల పట్టీ పంపించారు. పన్నెండు పాటలు, పదకొండు సినిమాలవి, పన్నెండోది మంగళం. డబ్బు వాళ్లది, పందిరి వాళ్లది, వినేదీ వాళ్లే. అడిగింది వాయించడంలో తప్పేమిటో నాకు తెలియడం లేదు.

మామ: తప్పని నేననలేదు. అడిగింది ఎవరో ముందు చెప్పు.

అల్లుడు: ఊరు.

మామ: ఊరు పట్టీ రాయదు, అబ్బాయీ. కమిటీలో ఐదుగురు కూర్చుని రాశారు. ఆ రాత్రి పందిట్లో మిరపకోతకు కర్నూలు వైపునుంచి వచ్చిన కూలీలుంటారు. పొద్దున యార్డులో కాయ అమ్మి, ధర సంగతి తలచుకుంటూ వచ్చిన రైతు ఉంటాడు. మనుమణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్న ముసలమ్మ ఉంటుంది. హైదరాబాదునుంచి సెలవుకు వచ్చిన పిల్లలుంటారు. వీళ్లలో ఎవరిని అడిగి రాశారు?

అల్లుడు: అందరినీ అడిగినా ఇంచుమించు ఇవే పాటలు చెబుతారు.

మామ: చెబుతారు, నిజమే. అడిగినప్పుడు మనిషి తనకు గుర్తున్నదే చెబుతాడు. ఇంతవరకు చెవిన పడని దాన్ని కావాలని ఎవరడుగుతారు? అందుచేత ఈ పట్టీ వాళ్ల జ్ఞాపకాల పట్టీ. అది నాకు అక్కరలేదని కాదు, చాలా అవసరం. అయితే జ్ఞాపకం ఎంతవరకు ఉందో చెప్పేదే గాని, కోరిక ఎంతవరకు పోగలదో చెప్పేది కాదు.

అల్లుడు: శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని యముడు నచికేతుడికి చెప్పాడని మా కాలేజీలో తెలుగు మాస్టారు చెప్పేవారు. కమిటీ అడిగింది ప్రేయస్సు, మీరు ఇవ్వదలచింది శ్రేయస్సు. అంతేనా?

మామ: ఆ మాట లోకానికి సరిపోతుంది, మన విద్యకు పూర్తిగా అతకదు. మనసుకు ఇష్టం లేని ధర్మాన్నయినా ఆచరించి మనిషి మేలు పొందవచ్చు. చెవికి ఇష్టం లేని రాగం వల్ల ఎవరికి ఏ మేలు? రెండు గంటలు తోడి వాయించి, విన్నవాళ్లు ఆవలిస్తుంటే, వాళ్లకు మంచి చేశానని లేచి వచ్చే విద్వాంసుణ్ణి నేను ఒప్పుకోను. సంగీతంలో మేలు ప్రియంలోనుంచే రావాలి, మరో దారి లేదు.

అల్లుడు: అయితే నా వాదమే నెగ్గింది. వాళ్లకు ప్రియమైందే వాయిద్దాం.

మామ: తొందరపడకు. ప్రియం ఎక్కడ పుడుతుంది? ఇంటినుంచి తయారుచేసి తెచ్చుకుని పందిట్లో కూర్చోరు. ఆనందభైరవి ఒక పావుగంట విన్న చెవికి ఆ తరువాత ప్రియమయ్యేది వేరు. డప్పుల మోత విన్న చెవికి ప్రియమయ్యేది వేరు. ముందు విన్నదాన్ని బట్టి తరువాతి కోరిక పుడుతుంది. సగం కోరిక వాళ్లు తెస్తారు, తక్కిన సగం మనం పుట్టిస్తాం. పుట్టించినవాడు దానికి జవాబుదారీ వహించవద్దా?

ఈ వాదము నాకు మిక్కిలి విలువగలదిగా కనబడినది. శ్రోత కోరికను నెరవేర్చవలెనని ఒకరును, శ్రోత రుచిని సంస్కరించవలెనని మరియొకరును చిరకాలముగా పోరాడుచున్నారు. ఇరువురును కోరికను ముందే ఏర్పడి స్థిరముగా నిలిచిన వస్తువుగా భావించుచున్నారు. మొదటివారు దానికి దాసులు, రెండవవారు దానికి శత్రువులు. వినుచుండగానే వినుకోరిక రూపొందుచుండునని గ్రహించినప్పుడు, పాటను ఎన్నుకొనుటకన్న పాటల వరుసను ఎన్నుకొనుట ముఖ్యమగును. అరియకూడి రామానుజయ్యంగారు కచేరి పద్ధతిని తీర్చిదిద్దినారని దక్షిణదేశమంతయు చెప్పుకొనును గదా. వర్ణముతో ఆరంభించి, చిన్న కృతులు నడిపి, పెద్ద రాగమును నడుమ నిలిపి, తేలిక పాటలతో దింపు ఆ క్రమము శ్రోత చెవి ఎప్పుడు దేనికి సిద్ధమగునో చక్కగా ఎరిగినవాని పని. ఆయన పాడిన కృతులు ఆయనకు ముందును ఉన్నవే.

అల్లుడు: శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ ముందు మనం ఏ వరుస పాటించాం? పాట వెనుక పాట, ఎవరేది కేకవేస్తే అది. అప్పుడు మీరు ఒక్క మాట అనలేదు.

మామ: అది నడిచే మేళం. ఒక పాట మొదలు విన్నవాడు చివర వినడు. వాడు ముందుకు పోతాడు, మనం వెనుక ఉంటాం, లేదా మనమే పోతాం. నడిచేచోట వరుస లేదు, ఉన్నా తెలియదు. నవమికి కూర్చుంటాం, వాళ్లూ కూర్చుంటారు. తొమ్మిదింటికి విన్నది పదింటికి చెవిలో ఉంటుంది. కూర్చున్నవాడి ముందు వరుస తప్పితే వాడికి అన్యాయం చేసినట్టే.

అల్లుడు: సరే, వరుసకే వద్దాం. ఈ పట్టీలో అందరూ నొక్కి చెప్పింది ఒకటుంది. ‘మురిపించే మువ్వలు’ లో జానకమ్మ పాడిన సన్నాయి పాట.

ఆ చిత్రము 1962లో తమిళమున ‘కొంజుం సలంగై’ గా వచ్చి తెలుగులోనికి మారినది. సుబ్బయ్య నాయుడు కూర్చిన ఆ పాటలో సన్నాయి వాయించినవాడు సుప్రసిద్ధ సన్నాయి విద్వాంసుడు రాజరత్నం పిళ్లైకి శిష్యుడైన కారుకురిచి అరుణాచలం. పాడిన జానకి రేపల్లె దాపున పల్లపట్లలో జన్మించిన మన సీమ ఆడపడుచు. సన్నాయి ఒక పలుకు పలుకగా గొంతు దానిని అందుకొనును, గొంతు విడిచినచోట సన్నాయి ఎత్తుకొనును. అంతటి సూక్ష్మమైన గమకములను మానవకంఠము అంత సునాయాసముగా అనుసరించుట విని ఆనాటి జనము నివ్వెరపోయినది. అరువదేండ్లు గడచినను ఈ సీమలో సన్నాయి చేతబట్టిన ప్రతివానిని ఆ పాట అడుగుదురు. దానిని సినిమా పాటయని త్రోసివేయువారు సన్నాయి చరిత్రలో ఒక ముఖ్యమైన పుటను చించివేయుచున్నారని నా అభిప్రాయము.

అల్లుడు: దాన్ని చివర పెడదాం, మామయ్యా. అది వచ్చేదాకా ఒక్కరూ లేవరు. ఈలోగా మీకిష్టమైన రాగాలన్నీ వాయించుకోవచ్చు.

మామ: వాళ్లను కట్టివేసి వినిపిద్దామంటావు. ఎప్పుడొస్తుందా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే చెవిలోకి మధ్యలో వాయించింది ఏదీ ఎక్కదు. నేను ఎంత వాయించినా వాడికి అది ఆలస్యమే. అడిగినది మూడోదిగా వాయించేద్దాం. బాకీ తీరినవాడు నెమ్మదిగా వింటాడు.

అల్లుడు: బాకీ తీరినవాడు లేచిపోతాడు కూడా.

మామ: అందుకే దాని వెనుక ఏముందనేది చూడాలి. ఆ పాట ఏ రాగం?

అల్లుడు: ఆభేరి.

మామ: పాట ముగియగానే తాళం ఆపుదాం. డోళ్లు ఊరుకుంటాయి. అప్పుడు నేనొక్కణ్ణే ఆభేరి ఆలాపన ఎత్తుకుంటాను. వాళ్లకు కంఠతా వచ్చిన పలుకులే, పాటనుంచి విడివడి, తాళం లేకుండా, ఒకటొకటిగా వస్తాయి. తరువాత త్యాగయ్యగారి ‘నగుమోము’. అంతసేపూ ఒకే రాగంలో ఉన్నారని వాళ్లకు తెలియకుండానే తెలుస్తుంది.

అల్లుడు: ఆలాపన తరువాత కదా పాట రావాలి? పాట వాయించి ఆలాపన ఎత్తుకుంటే తలకిందులు కాదా? కచేరీలు బాగా విన్న పెద్దలు ఎవరైనా పందిట్లో ఉంటే ఏమనుకుంటారు?

మామ: రాగం ఎరిగిన సభకు ఆలాపన ముందు. వాళ్లు రాగంలోనుంచి పాటలోకి వస్తారు. పాట మాత్రమే ఎరిగిన సభకు పాట ముందు; వాళ్లు పాటలోనుంచి రాగంలోకి రావాలి. ఎరిగినదానినుంచి ఎరుగని దానికి తీసుకుపోవడమే గురువు చేసే పని కదా. ఏకుతున్నకొద్దీ దుమ్మూ నలుసూ రాలి, గట్టిగా ఉన్న పత్తి నురుగులా విచ్చుకున్నట్టు, అదే పాట ఆలాపనలో విచ్చుకోవాలి. ఏకడానికి ముందు పత్తి చేతిలో ఉండాలి.

అల్లుడు: ఆ పాటలోని ఆభేరీ, త్యాగయ్యగారి నాటి ఆభేరీ ఒకటి కాదంటారు. ధైవతం మారిందట.

మామ: మారిందనే పెద్దలంటారు. వినేవాళ్ల చెవి, వాయించేవాళ్ల వేలు కలిసి మార్చాయి, ఇప్పుడు అందరూ మారినదాన్నే వాయిస్తున్నారు. చెవి రాగాన్నే మార్చగలిగినప్పుడు, రాగం చెవిని మార్చలేదా?

మేనల్లుడు ఇక్కడ మారుమాట చెప్పలేదు. నాకు మాత్రము ఒక సందేహము మిగిలినది: ఆలాపన నడుమ పదిమంది లేచిపోయినచో, ఆ పదిమందికి మేళము ఏమి సమాధానము చెప్పవలెను? ఎంతటి విద్వాంసుడును దీనిని తప్పించుకొనలేడు. వరుస ఎంత చక్కగా కూర్చినను కొందరు లేతురు. ఆ భయమున ఆలాపనను రెండు నిమిషములకు కుదించుట నేడు సర్వత్ర జరుగుచున్నది. కుదించిన ఆలాపన లేచిపోవువానిని ఆపదు, కూర్చున్నవానిని నింపదు.

అట్లు కుదింపని ఆలాపనకు దృష్టాంతము ఈ సీమలోనే కలదు. ఈ సీమ సంగీతమునకు పోవుటయు వచ్చుటయు అలవాటే. త్యాగరాజస్వామి పూర్వులది ప్రకాశం సీమలోని కాకర్ల యనియు, శ్యామశాస్త్రి పూర్వులు ఆ చెంతనే కంభమునుండి తరలిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఇక్కడినుండి కావేరీతీరమునకు పోయిన తెలుగుమాట అక్కడ కృతియై మరల ఇక్కడి సన్నాయి గొట్టములోనికి వచ్చినది. షేక్ చినమౌలానాగారు 1924లో ఒంగోలు సమీపమున కరవదిలో పుట్టి, చిలకలూరిపేటలో ఆదంసాహెబుగారివద్ద శిక్షణ పొంది, అంతటితో తృప్తిచెందక తంజావూరు బాణీని నేర్చుటకు నాచ్చియార్‌కోవిల్ విద్వాంసులను ఆశ్రయించి, తుదకు శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని తన నివాసముగా చేసికొనిరి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము ఆయనను వరించినవి; మరుసటి యేటనే పరమపదించిరి. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. చినమౌలానాగారి వాదనమును విన్నవారు ముందుగా చెప్పునది ఆ ఆలాపనలోని నిదానము. ఆ నిదానమును ఎచ్చట పెట్టవలెనో ఎరుగుట ఈ మేనమామ చెప్పు ఎన్నికలోని భాగమే.

అల్లుడు: మామయ్యా, తోడి సంగతి మీరే ఎత్తారు. నలుగురు సన్నాయిలం ఉన్నాం. ఇంత పెద్దమేళం ఏడాదికొకసారి కూడుతుంది. తోడి వాయించకపోతే ఎలా? రాజరత్నం పిళ్లైగారి తోడి రికార్డు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మామ: విన్నావు కాబట్టే చెబుతున్నాను, వద్దు. తోడి నా చేతిలో ఇప్పుడు మునుపటిలా లేదు; ఊపిరి చాలడం లేదు. నీ చేతిలోకి ఇంకా రాలేదు. తక్కిన ఇద్దరిలో ఒకాయనకు ముందుపళ్లు పోయాయి, పీక పెదవుల మధ్య నిలవదు, తారస్థాయి గట్టిగా పట్టలేడు. మరొకడు మొన్ననే వర్ణాలు పూర్తిచేసిన కుర్రవాడు. గొప్ప రాగం కదా అని గొప్పకోసం ఎత్తుకుంటే దానికీ అవమానం, మనకూ అవమానం.

అల్లుడు: పళ్లు లేని ఆయనను శ్రుతి పట్టుకోమని కూర్చోబెడదాం. ఆయనకు మాత్రం ఇప్పుడు ఏ రాగం ఇవ్వగలం?

మామ: ఆనందభైరవి. రామదాసుగారి కీర్తన ఏదైనా సరే. మధ్యస్థాయిలోనే ఉండాలి, పైకి పోనక్కరలేదు. ఆ రాగంలో ఆయన ‘గ’ మీద ఆగినట్టు నేను ఆగలేను; నా చిన్నప్పటినుంచి వింటున్నాను. రెండో పాట అది. ఆయనే వాయించాలి, మనం ముగ్గురం పల్లవి దగ్గర మాత్రం కలుద్దాం.

అల్లుడు: మీరన్నది వింటుంటే ఒక సంగతి గుర్తొస్తున్నది. సాక్సోఫోన్ నేర్చుకునేటప్పుడు మా మాస్టారు అమెరికా పెద్దబ్యాండ్లు వినమనేవారు. డ్యూక్ ఎల్లింగ్టన్ అని ఒక నల్లజాతి విద్వాంసుడు పదిహేను మందికి పైగా ఉన్న బ్యాండు నడిపాడు; 1963లో మన దేశానికి కూడా వచ్చి వాయించి వెళ్లాడు. ఆయన మొదటి ట్రంపెట్, రెండో ట్రంపెట్ అని రాసేవాడు కాదట. ఫలానా మనిషి వాయించాలి అని, ఆ మనిషి ఊపిరినీ ధోరణినీ బట్టి రాసేవాడట. 1940లో కూటీ విలియమ్స్ అనే ఒక్క ట్రంపెట్ వాద్యకారుడికోసం ఒక రచనే చేశాడు.

మామ: ఆయన పెద్దమేళం మర్యాద ఎరిగినవాడు. మేళం పెద్దదయ్యేకొద్దీ ఎక్కువమంది ఎక్కువసేపు ఊరుకోవాలి, అబ్బాయీ. నలుగురు సన్నాయిలూ మొదటినుంచి చివరిదాకా ఊదితే వినేవాడికి ఒక పెద్ద చప్పుడు తప్ప ఏ మనిషీ వినిపించడు. పాట ఎన్నుకున్నప్పుడే ఎవరు ఊరుకోవాలో కూడా ఎన్నుకున్నట్టే. ఊరుకున్నవాడికి చిన్నతనం కలగకుండా చూడడం నా పని; అందుకు ఒక్కటే దారి, ఆ రాత్రి ఏదో ఒకచోట తక్కిన అందరూ వాడికోసం ఊరుకోవాలి.

అల్లుడు: మరి కుర్రవాడికి?

మామ: మొదటి పాట నాట రాగం. చిన్న కృతి. అందరం కలిసి వాయించేది. వాడికి భయం తీరుతుంది. తరువాత చివరలో తేలిక పాటల దగ్గర వాడిని ముందుకు పిలుద్దాం.

అల్లుడు: డోళ్లు మాత్రమే వాయించే తని?

మామ: ‘నగుమోము’ తరువాత. నలుగురికీ కలిపి పావుగంట. పోటీ వద్దని చెప్పు. పోటీ మొదలైతే కుడిచేతి వేళ్లకు తొడిగిన గట్టి గుళ్లు తోలు చించేదాకా ఆగరు. జనం చప్పట్లు కొడతారు, ఆ చప్పట్ల తరువాత ఏ రాగమూ నిలవదు.

అల్లుడు: ఇక క్లారినెట్టు. దాన్ని ఎందుకు తెచ్చామో మీరు ఇంతవరకు చెప్పలేదు.

మామ: నేను తేలేదు, నువ్వు తెచ్చావు. దాని శ్రుతి ఒకటి, మనది ఒకటి. సన్నాయికి వేళ్లు పెట్టే రంధ్రాలు ఏడు. కిందనున్న వాటిని మైనంతో సర్ది శ్రుతి దిద్దుకుంటాం. దాన్ని అలా దిద్దడం కుదరదు. పైగా చైత్రమాసపు వేడికి గాలివాద్యాల శ్రుతి పైకి పోతుంది. గమకం దగ్గర రెండూ కొట్లాడుకుంటాయి.

అల్లుడు: దాని గొట్టం కీలు కాస్త లాగితే శ్రుతి కొంత దిగుతుంది, ముందురోజు పందిట్లోనే కూర్చుని సరిచేద్దాం. గమకం సంగతంటారా, గమకమే లేని పాట ఒకటి నా దగ్గర ఉంది. దీక్షితులవారి నొట్టుస్వరం.

మామ: నొట్టుస్వరాలు పిల్లలకు నేర్పేవి. కచేరిలోకి ఎందుకు?

అల్లుడు: ముత్తుస్వామి దీక్షితులవారు చిన్నతనంలో మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు సెయింట్ జార్జి కోటలో కుంపిణీ బ్యాండు వాయించిన వరుసలు విని, శంకరాభరణ స్వరాలలో సంస్కృత సాహిత్యం కూర్చారు, అలాంటివి నలభైదాకా ఉన్నాయి. అంటే ఆయన కూడా ఒక పెద్దబ్యాండు విని, ఇందులో మనకు ఏది పనికొస్తుంది అని ఎన్నుకున్నవాడే కదా. మీరు ఇందాక చెప్పిన న్యాయం ప్రకారం, ఆభేరిలో అంతసేపు గమకంతో నిండిన చెవికి గమకం లేని నేరుస్వరం కొత్తగా వినిపించదా? క్లారినెట్టు ముందు వాయిస్తుంది, సన్నాయిలు నాలుగూ తరువాత అందుకుంటాయి. పిల్లలు లేచి చప్పట్లతో తాళం వేస్తారు.

మామ: ...సరే. తని తరువాత అదే. చెవికి అప్పుడు విశ్రాంతి కావాలి, నువ్వన్నది నిజం. నేను దాన్ని చిన్నపిల్లల పాఠంగానే చూస్తూ వచ్చాను. చోటు కుదిరితే అదీ పెద్దపాటే.

ఇచ్చట శిష్యుడు గురువు న్యాయముతోనే గురువును ఒప్పించుట గమనింపదగినది. వరుసయే ప్రధానమని ఒప్పుకొన్న పిదప ఏ పాటను పుట్టుకతో తక్కువదని నిరాకరించుటకు వీలు లేదు; అది నిలుచుటకు తగిన చోటు కలదా లేదా యని మాత్రమే విచారింపవలెను. సినిమా పాటకు మూడవ స్థానమున చోటు దొరికినది. కుంపిణీ బ్యాండు వరుసకు తని తరువాత దొరికినది. సర్వరాగములలో మిన్నయని కొనియాడబడు తోడికి ఈ రాత్రి దొరకలేదు. గొప్పతనమునుబట్టి ఎన్నుకొను సభలకు ఇది రుచింపకపోవచ్చును. మన సంగీతసభల కరపత్రములు చూచినప్పుడు, ఏ విద్వాంసుడు ఎంత ఘనమైన రాగము పాడెనని లెక్కించు అలవాటు ఎంతగా ముదిరినదో తెలియును. ఆ రాగము ఆ రాత్రి, ఆ గొంతులో, ఆ పాట వెనుక, ఎట్లు వినబడెనో వ్రాయువారు అరుదు.

అల్లుడు: పట్టీలో మిగిలిన పది పాటలూ?

మామ: వాటిలో రెండు తీసుకో. పాత చిత్రాలలోవి, రాగం స్పష్టంగా ఉన్నవి. ఒకటి కుర్రవాడికి, ఒకటి నీకు. మిగిలినవి వదిలేద్దాం. గంటలు గంటలు వాయించనక్కరలేదు. పొద్దున్నే కల్లంలోకి పోవలసినవాళ్లు ఎక్కువ. పది దాటాక మంగళం ఎత్తుకుంటే చాలు.

అల్లుడు: కమిటీవాళ్లు ఎనిమిది పాటలు ఏమయ్యాయని అడుగుతారు.

మామ: అడగాలి కూడా. కచేరి అయిన తరువాత అడిగితే అది ఫిర్యాదు. ముందే చెబితే మాట. ఈ సాయంత్రమే వెళ్లి చెప్పు. జానకమ్మ పాట మూడోదిగా వస్తుందని, ఆలస్యం చెయ్యవద్దని చెప్పు. ఆలాపన సమయంలో జనరేటరు వేదిక పక్కన ఉండకుండా వెనుకకు జరపమను. పందిరికి ఎగువన కల్లం ఉంటే ఆ పూట కాయ తిరగవెయ్యవద్దని రైతును బతిమాలు; ఘాటు గాలిలో లేస్తే నా ఊపిరికి ఆలాపన మధ్యలో దగ్గు వస్తుంది. సన్నాయిలకు మైకు వద్దు, పాటల పేర్లు చెప్పేవారికి మాత్రం ఉంచమను.

అల్లుడు: క్లారినెట్టు ఆయనను ముందురోజు మధ్యాహ్నం రమ్మంటాను.

మామ: మధ్యాహ్నం కాదు, రాత్రి తొమ్మిదికి. ఆ వేడిలో, ఆ గాలిలో శ్రుతి ఎక్కడ ఉంటుందో అప్పుడే చూడాలి. ఆనందభైరవి వాయించే ఆయనకు మాత్రం నేనే వెళ్లి చెబుతాను; నువ్వు చెబితే తనను జాలిపడి పిలిచామనుకుంటాడు.